పొలంలో పడ్డ పెట్టె నుంచి మార్స్ మీది రోవర్ దాకా.. గ్రహాల గుట్టు విప్పుతున్న పరికరాల కథ ఇదీ!

ఆకాశంలోంచి పెద్ద పారాచూట్‌తో ఒక పెట్టె నెమ్మదిగా దిగి కంది చేనులో పడితే ఎవరికైనా ముందు భయమేస్తుంది. బాంబా.. డ్రోనా.. ఇంకేదైనా వింత వస్తువా? అని ఊరంతా గుమికూడుతుంది. వికారాబాద్ జిల్లాకు ఇది కొత్త కాదు. 2022 డిసెంబర్‌లో మర్పల్లి మండలం మొగిలిగుండ్లలో సరిగ్గా ఇదే జరిగింది. పెద్ద గుండ్రటి క్యాప్సూల్ ఒకటి పొలంలో దిగింది. జనం పరుగులు తీశారు, పోలీసులు వచ్చారు. చివరికి అది స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ సంస్థ బెలూన్ ప్రయోగంలో వాడిన, మనుషులు లేని టెస్ట్ క్యాప్సూల్ అని తేలింది. దాన్ని పైకి పంపింది హైదరాబాద్‌లోని బెలూన్ కేంద్రం నుంచే.

ఇంతకీ ఆ పెట్టెల్లో ఏముంటుంది? వాటికీ చంద్రుడు, శుక్రుడు, మార్స్ మీద జరిగే పరిశోధనలకూ సంబంధం ఏంటి? యాలాల్, తాండూరు జనం రోజూ తొక్కే నాపరాయి, నల్లరేగడి, అనంతగిరి ఎర్రమట్టి గురించి వేరే గ్రహాల మీది మిషన్లు ఏం చెబుతున్నాయి? పూర్తి వివరాలు ఇవీ..

ముఖ్యాంశాలు

• హైదరాబాద్ బెలూన్ కేంద్రం నుంచి ఇప్పటిదాకా 500కు పైగా బెలూన్ ప్రయోగాలు
• 2005 ప్రయోగంలో 41 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి సేకరణ.. మూడు కొత్త బ్యాక్టీరియాల గుర్తింపు
• తాండూరు బండలో దాగిన కార్బన్ డయాక్సైడ్.. శుక్రుడి మీద అదే గాలిలో
• చంద్రుడి మీద నీటి జాడ పట్టింది ఒక చిన్న స్పెక్ట్రోమీటర్
• చంద్రయాన్ సిగ్నళ్లు అందుకునే 32 మీటర్ల డిష్ హైదరాబాద్ ఈసీఐఎల్‌దే

ఆ పెట్టెలు ఎక్కడి నుంచి వస్తాయి?

హైదరాబాద్ ఈసీఐఎల్ ప్రాంతంలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన బెలూన్ ఫెసిలిటీ ఉంది. అందరూ టీఐఎఫ్ఆర్ బెలూన్ సెంటర్ అంటారు. 1969 నుంచి ఇక్కడి నుంచే శాస్త్రవేత్తలు భారీ బెలూన్లు వదులుతున్నారు. ఇవి పుట్టినరోజు బెలూన్లలాంటివి కావు. పల్చటి పాలిథీన్ షీటుతో చేసిన ఈ బెలూన్ల వ్యాసం 50 నుంచి 85 మీటర్ల దాకా ఉంటుంది. లోపల హైడ్రోజన్ గ్యాస్ నింపుతారు. కింద తాడుకు పరికరాల పెట్టె వేలాడుతుంది.

బెలూన్ 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తుంది. అక్కడికి చేరేసరికి భూమి గాలిలో దాదాపు 99 శాతం కిందే ఉండిపోతుంది. ఆకాశం పగలే నల్లగా కనిపిస్తుంది. అంతరిక్షంలో పనిచేయాల్సిన టెలిస్కోపులు, ఎక్స్‌రే సెన్సార్లు, కెమెరాలను పరీక్షించడానికి ఇంతకన్నా చౌకైన చోటు లేదు. రాకెట్ ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. పైగా పరికరం చెక్కుచెదరకుండా తిరిగి చేతికొస్తుంది. లోపం ఉంటే సరిచేసి మళ్లీ పంపొచ్చు.

కొన్ని గంటలు పని చేశాక కింది నుంచి సిగ్నల్ ఇచ్చి బెలూన్‌ను విడగొడతారు. పెట్టె రంగురంగుల పారాచూట్‌తో కిందికి దిగుతుంది. గాలివాటాన్ని బట్టి హైదరాబాద్ నుంచి 200, 300 కిలోమీటర్ల దూరం కూడా వెళ్లొచ్చు. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర జిల్లాల్లో ఎక్కడైనా పడొచ్చు. హైదరాబాద్‌కు పడమర దిక్కున ఉన్న వికారాబాద్, తాండూరు, యాలాల్ పొలాలు ఈ దారిలోనే ఉన్నాయి.

ఆకాశం నుంచి గాలి తెచ్చారు.. అందులో ప్రాణం దొరికింది

ఈ కేంద్రం నుంచి జరిగిన ప్రయోగాల్లో గ్రహాల పరిశోధనకు దగ్గరగా ఉన్నది ఒకటుంది. 2005 ఏప్రిల్ 20న ఇస్రో ఒక బెలూన్‌ను పంపింది. దానికి 459 కిలోల పెట్టె కట్టారు. అందులో 38 కిలోల ద్రవ నియాన్, దాని చలిలో ముంచిన స్టీలు గొట్టాలు ఉన్నాయి. 20 కిలోమీటర్ల నుంచి 41 కిలోమీటర్ల ఎత్తు వరకు రకరకాల ఎత్తుల్లో ఆ గొట్టాలు ఒక్కొక్కటిగా తెరుచుకుని గాలిని లోపలికి లాక్కున్నాయి. తర్వాత మూతపడి పారాచూట్‌తో కిందికి వచ్చాయి.

ఆ గొట్టాలను హైదరాబాద్‌లోని సీసీఎంబీ, పుణెలోని ఎన్‌సీసీఎస్ ల్యాబులకు ఇచ్చారు. రెండు చోట్లా విడివిడిగా పరీక్షలు చేశారు. ఒకే ల్యాబులో చేస్తే అక్కడి సూక్ష్మజీవులే కలిశాయేమో అన్న అనుమానం వస్తుంది కాబట్టి ఈ జాగ్రత్త. 2009లో ఫలితాలు బయటపెట్టారు. భూమ్మీద అప్పటిదాకా ఎవరికీ తెలియని మూడు బ్యాక్టీరియా జాతులు దొరికాయి. వాటిలో ఒకదానికి ఇస్రో పేరు మీద బాసిల్లస్ ఇస్రోనెన్సిస్ అనీ, ఇంకోదానికి మన తొలి ఉపగ్రహానికీ పేరైన ఆర్యభట్ట పేరు మీద బాసిల్లస్ ఆర్యభట్టై అనీ, మూడోదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ పేరు మీద జానీబ్యాక్టర్ హోయ్‌లీ అనీ పేర్లు పెట్టారు.

ఇవి వేరే గ్రహం నుంచి వచ్చాయని శాస్త్రవేత్తలు చెప్పలేదు. కానీ గాలి, తేమ దాదాపు లేని చోట, మండే అల్ట్రావయొలెట్ కిరణాల కింద కూడా సూక్ష్మజీవులు బతికి ఉండగలవని తేలింది. మార్స్ మీద ప్రాణం కోసం ఎలా వెతకాలి, పరికరాల్లో మన భూమి బ్యాక్టీరియా కలవకుండా ఎలా చూడాలి అన్న ప్రశ్నలకు ఇలాంటి ప్రయోగాలే పునాది.

టెలిస్కోప్‌తో కానిది పరికరంతో ఎలా అయింది?

1960ల ముందు దాకా గ్రహాల గురించి తెలిసినదంతా భూమ్మీది టెలిస్కోపుల నుంచే. అందులో ఊహలే ఎక్కువ. శుక్రుడి మీద మబ్బులు కమ్ముకుని ఉన్నాయి కాబట్టి కింద చిత్తడి అడవులు ఉండొచ్చు అనుకున్నారు. మార్స్ మీద రుతువులను బట్టి రంగు మారుతోంది కాబట్టి నాచులాంటి మొక్కలు ఉండొచ్చు అనుకున్నారు.

1962 డిసెంబర్ 14న మెరైనర్-2 శుక్రుడి పక్క నుంచి దూసుకెళ్లింది. దానికి కెమెరా కూడా లేదు. ఉన్నదల్లా వేడిని కొలిచే రేడియోమీటర్లు, మరికొన్ని చిన్న పరికరాలు. అవి చెప్పిన లెక్క ఒక్కటే.. కింద నేల 400 డిగ్రీల సెల్సియస్ దాటి మండుతోంది. చిత్తడి అడవుల కథ ఆ రోజుతో ముగిసింది.

1965 జులైలో మెరైనర్-4 మార్స్ పక్క నుంచి వెళ్తూ 22 ఫొటోలు తీసింది. మొక్కలు లేవు, కాలువలు లేవు. చంద్రుడి మీద ఉన్నట్టే గుంతలు. ఆ నౌక మార్స్ వెనక్కి వెళ్లేటప్పుడు దాని రేడియో సిగ్నల్ మార్స్ గాలిలోంచి దూరి భూమికి వచ్చింది. ఆ సిగ్నల్‌లో వచ్చిన చిన్న తేడాను బట్టి అక్కడి గాలి ఒత్తిడి భూమి మీద ఉన్నదానిలో ఒక్క శాతం కూడా లేదని లెక్క కట్టారు. అంటే సమాచారం పంపే రేడియోనే ఒక కొలత పరికరంగా మారిపోయింది.

అక్కడి నుంచి గ్రహాల పరిశోధన దారే మారింది. దూరం నుంచి చూసి ఊహించడం పోయి, దగ్గరికెళ్లి కొలవడం మొదలైంది.

తాండూరు నాపరాయికీ శుక్రుడికీ లింకేంటి?

తాండూరు అనగానే గుర్తొచ్చేవి రెండు. ఒకటి 2022లో జీఐ ట్యాగ్ వచ్చిన తాండూరు కంది. రెండోది ఇంటింటా పరిచే నాపరాయి బండలు. ఈ బండ అసలు ఒక సున్నపురాయి. భీమా నది పరీవాహకంలో, డైనోసార్లు పుట్టడానికి ఎంతో ముందే, అప్పటి లోతు తక్కువ సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న రాయి ఇది. అందుకే గనిలో బండలు పలకలు పలకలుగా లేచి వస్తాయి. సిమెంట్ ఫ్యాక్టరీలు ఈ చుట్టుపక్కల వెలిసింది కూడా ఈ రాయి కోసమే.

సున్నపురాయి మీద ఆసిడ్ చుక్క వేస్తే బుసబుసమని పొంగుతుంది. ఆ పొంగులో బయటికొచ్చేది కార్బన్ డయాక్సైడ్. అంటే కోట్ల ఏళ్ల కింద గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ వాన నీటిలో కరిగి, సముద్రంలోకి చేరి, చివరికి రాయిగా మారి ఈ బండల్లో బందీ అయింది. భూమి మీద ఇలా సున్నపురాళ్లలో దాగిన కార్బన్ అంతా ఒక్కసారి గాలిలోకి వస్తే, మన గాలి దాదాపు శుక్రుడి గాలిలా తయారవుతుందని శాస్త్రవేత్తల అంచనా.

శుక్రుడి మీద జరిగింది అదే. అక్కడి గాలిలో 96 శాతానికి పైగా కార్బన్ డయాక్సైడే. ఒత్తిడి భూమి కన్నా 90 రెట్లు ఎక్కువ. 1970 డిసెంబర్‌లో సోవియట్ నౌక వెనెరా-7 శుక్రుడి మీద దిగి 475 డిగ్రీల వేడి ఉందని నేరుగా కొలిచి పంపింది. 1982లో వెనెరా-13 ఆ వేడిలో 127 నిమిషాలు బతికింది. దాన్ని తయారు చేసింది 32 నిమిషాల కోసమే. ఆ కాస్త సమయంలోనే నేలను తవ్వి, మట్టిని లోపలికి లాగి, ఎక్స్‌రేలతో పరీక్షించింది. అక్కడ ఉన్నది బసాల్ట్ జాతి రాయి అని తేలింది. దక్కన్ పీఠభూమి నల్లరాయి కూడా ఆ జాతిదే.

మరి నీళ్లేమయ్యాయి? 1978లో వెళ్లిన పయనీర్ వీనస్ మిషన్‌లోని మాస్ స్పెక్ట్రోమీటర్ దీనికి ఆధారం పట్టింది. బరువైన హైడ్రోజన్ వాటా శుక్రుడి గాలిలో భూమి కన్నా 100 రెట్లకు పైగా ఎక్కువగా ఉంది. తేలికైన హైడ్రోజన్ అంతరిక్షంలోకి ఎగిరిపోయి, బరువైనది మిగిలిపోయిందన్నమాట. అంటే ఒకప్పుడు అక్కడ ఇప్పటికన్నా ఎంతో ఎక్కువ నీరు ఉండేదని అర్థం. నీళ్లు పోయాయి, కార్బన్‌ను రాయిగా మార్చే దారి మూసుకుపోయింది. మనిషి కాలి కింద బండగా ఉండాల్సింది అక్కడ నెత్తి మీద నిప్పుల దుప్పటి అయింది.

నల్లరేగడి, ఎర్రమట్టి.. మార్స్ మీద కూడా?

వికారాబాద్ ప్రాంతం నేల చూస్తే రెండు మూడు రంగులు కనిపిస్తాయి. అనంతగిరి గుట్టల పైన ఎర్రటి లేటరైట్. కింద దక్కన్ లావా నుంచి వచ్చిన నల్లరాయి. చదును పొలాల్లో నల్లరేగడి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కింద పారిన లావా గట్టిపడి రాయి అయింది. ఆ రాయి వానకు, ఎండకు శిథిలమై మట్టి అయింది. నల్లరేగడి వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో నెర్రెలిస్తుంది. దానికి కారణం అందులోని స్మెక్టైట్ జాతి బంకమట్టి ఖనిజం. నీటిని తన పొరల మధ్య పట్టి ఉంచుకోవడం దాని గుణం.

ఈ జాతి ఖనిజాలు నీళ్లు లేకుండా పుట్టవు. అందుకే మార్స్ మీద అవి దొరికితే అక్కడ ఒకప్పుడు నీరు చాలా కాలం నిలిచిందని చెప్పొచ్చు. 2005లో యూరప్‌కు చెందిన మార్స్ ఎక్స్‌ప్రెస్ నౌకలోని ఒమేగా స్పెక్ట్రోమీటర్ సరిగ్గా వాటినే పట్టింది.

అది ఎలా సాధ్యం? ఎండ పడినప్పుడు ప్రతి ఖనిజం కొన్ని రంగులను మింగేసి మిగతావి వెనక్కి పంపుతుంది. మన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌లో ఈ తేడా ఇంకా స్పష్టంగా ఉంటుంది. నీరున్న ఖనిజం 1.9 మైక్రోమీటర్ల దగ్గర వెలుగును మింగుతుంది. బంకమట్టి, కార్బనేట్ రాళ్లకు 2.3 మైక్రోమీటర్ల చుట్టుపక్కల గుర్తులుంటాయి. వేలిముద్రను బట్టి మనిషిని పట్టినట్టే, ఈ గుర్తులను బట్టి వందల కిలోమీటర్ల పై నుంచే రాయి పేరు చెప్పేస్తారు. హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ ఉపగ్రహ చిత్రాల్లో పంటల పచ్చదనాన్ని, కరువు ఛాయలను అంచనా వేసేది కూడా ఇదే సూత్రంతో.

అయితే మార్స్ విషయంలో ఒక చిక్కుముడి చాలా కాలం విడలేదు. ఒకప్పుడు నీరు, దట్టమైన కార్బన్ డయాక్సైడ్ గాలి రెండూ ఉంటే, తాండూరు బండలాంటి కార్బనేట్ రాళ్లు గుట్టలుగా ఉండాలి కదా? అవి పై నుంచి చూస్తే పెద్దగా కనిపించలేదు. 2025లో క్యూరియాసిటీ రోవర్ దీనికి కొంత జవాబు ఇచ్చింది. గేల్ క్రేటర్‌లో డ్రిల్ చేసిన రాతి పొడిని లోపలి కెమిన్ అనే ఎక్స్‌రే పరికరంతో పరీక్షిస్తే, అందులో సిడరైట్ అనే ఇనుము కలిసిన కార్బనేట్ 5 నుంచి 10 శాతం దాకా ఉందని తేలింది. వేరే లవణాలు కలిసి ఉండటం వల్ల పై నుంచి చూసే పరికరాలకు ఇది చిక్కి ఉండకపోవచ్చని శాస్త్రవేత్తలు అంటున్నారు. పై నుంచి చూసే కన్ను, నేల మీద తవ్వే చెయ్యి.. రెండూ ఎందుకు కావాలో దీన్ని బట్టి అర్థమవుతుంది.

చంద్రయాన్-1: నీటి జాడ పట్టిన క్షణం

ఇక మన దేశం విషయానికొస్తే, 2008 అక్టోబర్ 22న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 బయల్దేరింది. అందులో 11 పరికరాలు. 5 మనవి, 6 విదేశాలవి. నవంబర్ 14న మూన్ ఇంపాక్ట్ ప్రోబ్ విడిపోయి చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర నేలను తాకింది. కిందికి పడుతూ పడుతూనే అందులోని చేస్ అనే మాస్ స్పెక్ట్రోమీటర్ చంద్రుడి పల్చటి వాతావరణంలో నీటి ఆవిరి గుర్తులను నమోదు చేసింది.

పైన తిరుగుతున్న నౌకలో నాసా ఇచ్చిన మూన్ మినరాలజీ మ్యాపర్ ఉంది. ముద్దుగా ఎం-క్యూబ్ అంటారు. చంద్రుడి నేల 3 మైక్రోమీటర్ల దగ్గర వెలుగును మింగుతోందని అది చూసింది. అది నీటి అణువుల, హైడ్రాక్సిల్ గుర్తు. 2009 సెప్టెంబర్‌లో ఈ ఫలితం ప్రకటించగానే ప్రపంచమంతా చంద్రయాన్ పేరు మార్మోగింది. అపోలో తెచ్చిన రాళ్లు చూసి చంద్రుడు ఎండిపోయిన గుండ అని 40 ఏళ్లు నమ్మిన లెక్క తారుమారైంది. విచిత్రం ఏంటంటే, అప్పటికి నౌక మూగబోయింది. 2009 ఆగస్టు 29నే దానితో సంబంధాలు తెగిపోయాయి. మిషన్ పోయినా డేటా మిగిలింది.

యాలాల్ కాదు, బ్యాలాలు.. డిష్ మాత్రం హైదరాబాద్‌ది

పేరు వింటే యాలాల్ పక్క ఊరేమో అనిపిస్తుంది కానీ, బ్యాలాలు ఉన్నది బెంగళూరు దగ్గర. అక్కడే ఇస్రో డీప్ స్పేస్ నెట్‌వర్క్ కేంద్రం ఉంది. లక్షల, కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న నౌకల నుంచి వచ్చే సిగ్నల్ ఇక్కడే అందుతుంది. ఇక్కడి డిష్‌లలో ఒకటి 18 మీటర్లది, ఇంకోటి 32 మీటర్లది. ఆ 32 మీటర్ల డిష్‌ను తయారు చేసి నిలబెట్టింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. చంద్రయాన్-1 కోసం కట్టిన ఆ డిష్ తర్వాత మంగళ్‌యాన్‌కూ పనికొచ్చింది.

పరికరం ఎంత గొప్పదైనా, దాని మాట వినే చెవి లేకపోతే దండగే. 2014 సెప్టెంబర్ 24న మంగళ్‌యాన్ మార్స్ కక్ష్యలోకి చేరినప్పుడు అక్కడి నుంచి సిగ్నల్ భూమికి రావడానికి 12 నిమిషాలకు పైగా పట్టింది. అంత దూరం వచ్చేసరికి సిగ్నల్ బలం దాదాపు ఏమీ మిగలదు. దాన్ని గద్దించి కాదు, గుక్కపట్టి వినాలి. అందుకే అంత పెద్ద డిష్.

చంద్రయాన్-2 పడింది.. కెమెరా నిలబెట్టింది

2019 సెప్టెంబర్‌లో చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోయింది. దేశమంతా కన్నీళ్లు పెట్టుకుంది. కానీ ఆర్బిటర్ మాత్రం చంద్రుడి చుట్టూ తిరుగుతూనే ఉంది. దాని హై రిజల్యూషన్ కెమెరా 100 కిలోమీటర్ల పై నుంచి 25 సెంటీమీటర్ల వస్తువును కూడా వేరు చేసి చూపగలదు. అంటే అడుగు బండ ఒకటి నేల మీద పడి ఉంటే కనిపిస్తుందన్నమాట. చంద్రయాన్-3 ఎక్కడ దిగాలో, ఎక్కడ రాళ్లు తక్కువో చూసి పెట్టింది ఈ కెమెరానే.

2023 ఆగస్టు 23న విక్రమ్ ల్యాండర్ దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. 26 కిలోల ప్రజ్ఞాన్ రోవర్ బయటికొచ్చింది. దాంట్లో రెండు పరికరాలు. ఒకటి లిబ్స్. ఇది లేజర్‌తో రాయిని కాల్చి, ఎగసిన మెరుపు రంగును బట్టి అందులో ఏముందో చెబుతుంది. చంద్రుడి ఆ ప్రాంతంలో గంధకం ఉందని నేల మీదే నిలబడి తేల్చింది ఇదే. రెండోది ఏపీఎక్స్ఎస్. రోవర్ 103 మీటర్లు నడిచే దారిలో 23 చోట్ల మట్టిని ఇది పరీక్షించింది. 2024 ఆగస్టులో వచ్చిన ఆ ఫలితాలు, ఒకప్పుడు చంద్రుడి ఉపరితలం మొత్తం కరిగిన రాతి సముద్రంగా ఉండేదన్న వాదనకు బలాన్నిచ్చాయి. తేలికైన ఖనిజాలు పైకి తేలి గట్టిపడ్డాయన్నది ఆ వాదన.

ల్యాండర్‌లోని చాస్టే మరో అద్భుతం. 10 ఉష్ణోగ్రత సెన్సార్లున్న ఒక మేకును మట్టిలోకి దింపారు. పైన 50 డిగ్రీలు దాటిన వేడి ఉంటే, 8 సెంటీమీటర్ల లోతులో మైనస్ 10 డిగ్రీలు. జానెడు లోతు కూడా లేదు, 60 డిగ్రీల తేడా! తర్వాత చేసిన లెక్కల్లో ఇంకో విషయం బయటపడింది. సూర్యుడి వైపు కాస్త వాలి ఉన్న చోట 82 డిగ్రీలు ఉంటే, మీటరు దూరంలో చదునుగా ఉన్న చోట 59 డిగ్రీలే. అంటే సూర్యుడికి పెడగా, ధ్రువం వైపు వాలిన నేలల్లో కాస్త లోతులోనే మంచు దొరికే అవకాశం ఉంది. రేపు చంద్రుడి మీద మనుషులు ఉండాలంటే తాగునీటికి ఎక్కడ తవ్వాలో చెప్పే లెక్క ఇది.

పరికరం తప్పితే? మీథేన్ గొడవ నేర్పిన పాఠం

పరికరాలు ఎప్పుడూ నిజమే చెబుతాయా? కాదు. దీనికి మార్స్ కథే సాక్ష్యం.

1976లో నాసా వైకింగ్ ల్యాండర్లు మార్స్ మట్టిని వేడి చేసి, అందులో సేంద్రియ పదార్థం ఉందేమో అని వెతికాయి. దాదాపు ఏమీ దొరకలేదు. కాస్త క్లోరిన్ కలిసిన పదార్థం కనిపిస్తే, అది భూమి నుంచి అంటుకొచ్చిన క్లీనింగ్ ద్రవం అనుకున్నారు. 32 ఏళ్ల తర్వాత, 2008లో ఫీనిక్స్ ల్యాండర్ మార్స్ మట్టిలో పెర్క్లోరేట్ అనే లవణం ఉందని కనిపెట్టింది. దాన్ని వేడి చేస్తే పక్కనున్న సేంద్రియ పదార్థాన్ని కాల్చేస్తుంది. అంటే వైకింగ్ వెతుకుతున్న వస్తువును వైకింగే కాల్చేసి ఉండొచ్చు! తర్వాత క్యూరియాసిటీ మార్స్ రాళ్లలో సేంద్రియ అణువులు ఉన్నాయని ఖాయం చేసింది.

మీథేన్ విషయం ఇంకా తేలలేదు. భూమ్మీద ఈ వాయువు ఎక్కువగా జీవుల నుంచే వస్తుంది కాబట్టి మార్స్ మీద దాని కోసం వేట. మంగళ్‌యాన్‌లో ఉన్న 5 పరికరాల్లో ఒకటి మీథేన్ సెన్సార్. కానీ దాని కొలతలతో మీథేన్ లెక్క తేల్చలేకపోయారు. ఆ డేటాను మార్స్ నేల ఎండను ఎంత వెనక్కి పంపుతుందో చూపే మ్యాప్ కోసం వాడుకున్నారు. క్యూరియాసిటీ మాత్రం గేల్ క్రేటర్‌లో మీథేన్ కొద్ది మోతాదులో ఉందనీ, రుతువుల్ని బట్టి పెరిగి తగ్గుతోందనీ చెబుతోంది. 2019 జూన్‌లో ఒకసారి వంద కోట్ల భాగాల్లో 21 భాగాల దాకా చూపింది. అదే సమయంలో పై నుంచి చూసే యూరప్ ట్రేస్ గ్యాస్ ఆర్బిటర్‌కు, అంతకన్నా సున్నితమైన పరికరాలున్నా, ఏమీ కనిపించలేదు. రెండూ మంచి పరికరాలే. ఎవరిది నిజం? నేల దగ్గర ఉన్న వాయువు పైకి రాకముందే ఏదో దాన్ని తినేస్తోందా? లేక రోవర్ కొలతలోనే తేడా ఉందా? ఈ చర్చ ఇంకా సాగుతోంది.

రూ.450 కోట్లతో 6 నెలల కోసం పంపిన మంగళ్‌యాన్ ఏకంగా 2022 దాకా దాదాపు 8 ఏళ్లు పనిచేయడం గొప్పే. అయితే దాని పరికరాలన్నీ కలిపి బరువు 15 కిలోలే. తక్కువ బరువులో ఎంత సున్నితంగా కొలవొచ్చు అన్నదే తర్వాతి మిషన్లకు అసలు పరీక్ష.

గుండె చప్పుడు విన్న సీస్మోమీటర్, ఉప్పు రుచి చూసిన కెసిని

ఇన్‌సైట్ ల్యాండర్ 2018 నవంబర్‌లో మార్స్ మీద దిగి ఒక సీస్మోమీటర్‌ను నేల మీద పెట్టింది. 4 ఏళ్లలో 1,300కు పైగా కంపాలు నమోదు చేసింది. భూకంప తరంగాలు ఎక్కడ వంగాయి, ఎక్కడ వెనక్కి తిరిగాయి అన్నదాన్ని బట్టి మార్స్ పెంకు, మధ్య పొర, నడి గుండె లోతులు లెక్క కట్టారు. డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి విన్నట్టే.

శని గ్రహం దగ్గరికెళ్లిన కెసిని కథ ఇంకా ఆసక్తికరం. 2005లో దాని మాగ్నెటోమీటర్ ఎన్‌సెలాడస్ అనే చిన్న చందమామ దగ్గర అయస్కాంత రేఖలు వంగుతున్నాయని గమనించింది. ఏదో ఉందని అనుమానం వచ్చి నౌకను మరింత దగ్గరగా పంపితే, దక్షిణ ధ్రువం నుంచి నీటి ఆవిరి ఫౌంటెన్లలా చిమ్ముతోందని తేలింది. తర్వాత ఆ చిమ్మే జల్లులోంచే నౌకను నడిపారు. ఉప్పు, హైడ్రోజన్ దొరికాయి. నౌకను 2017 సెప్టెంబర్ 15న శనిలోకి తోసేసినా, దాని ధూళి పరికరం పాత డేటాను మళ్లీ తిరగేస్తే 2023లో ఫాస్ఫేట్ కూడా బయటపడింది. జీవానికి కావాల్సిన ముడి సరుకుల్లో అదొకటి.

పాత డేటా విలువ చెప్పే ఉదాహరణ శుక్రుడి దగ్గర కూడా ఉంది. 1990ల్లో మబ్బులను చీల్చుకుని చూసే రాడార్‌తో మెగెల్లాన్ నౌక శుక్రుడి నేలలో 98 శాతాన్ని మ్యాప్ చేసింది. 30 ఏళ్ల తర్వాత, 2023లో ఆ చిత్రాలను మళ్లీ పోల్చి చూస్తే 1991లో ఒక అగ్నిపర్వత ముఖద్వారం 8 నెలల్లోనే ఆకారం మార్చుకుందని కనిపించింది. శుక్రుడు ఇంకా ఉడుకుతూనే ఉన్నాడన్నమాట.

ఇక ముందు ఏంటి?

2024 సెప్టెంబర్ 18న కేంద్ర కేబినెట్ శుక్రుడి మిషన్‌కు ఓకే చెప్పింది. రూ.1,236 కోట్ల ఖర్చుతో 2028 మార్చిలో దీన్ని పంపాలన్నది లక్ష్యం. శుక్రుడి నేల, లోపలి పొరలు, గాలి, సూర్యుడి ప్రభావం.. ఇవన్నీ దాని పని. అదే రోజు చంద్రుడి మట్టిని భూమికి తెచ్చే చంద్రయాన్-4కూ ఆమోదం దక్కింది.

ఇందులో విద్యార్థులకు ఒక మంచి అవకాశం కూడా ఉంది. చంద్రయాన్, మంగళ్‌యాన్ డేటాను ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో అందరికీ ఉచితంగా ఇస్తోంది. 2019లో కూలిన విక్రమ్ శకలాలను నాసా చిత్రాల్లో ముందుగా గుర్తుపట్టింది చెన్నైకి చెందిన ఒక ఇంజినీరే. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, పాత, కొత్త ఫొటోలు పక్కపక్కన పెట్టి వెతికితే దొరికింది. తాండూరు కాలేజీ కుర్రాడికైనా, వికారాబాద్ డిగ్రీ చదివే అమ్మాయికైనా ఆ దారి తెరిచే ఉంది.

మీ పొలంలో పెట్టె పడితే ఏం చేయాలి?

చివరిగా రైతులకు ముఖ్యమైన విషయం. ఇలాంటి పెట్టె, పారాచూట్, పెద్ద ప్లాస్టిక్ షీటు పొలంలో కనిపిస్తే కంగారు పడొద్దు.

• ముట్టుకోవద్దు, విప్పొద్దు, తాళ్లు కోయొద్దు. పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు.
• పెట్టె మీద స్థానిక భాషల్లో కూడా రాసిన సూచనలు, ఫోన్ నంబర్ ఉంటాయి. ఆ నంబర్‌కు కబురు చేయాలి.
• లేదంటే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు గానీ, పోస్టాఫీసుకు గానీ, తహసీల్దార్‌కు గానీ చెప్పాలి.
• పెట్టెను చెదరకుండా అప్పగిస్తే తగిన బహుమతి, కబురు పెట్టడానికి అయిన ఖర్చు ఇస్తామని బెలూన్ కేంద్రం చెబుతుంది. విప్పి చూస్తే ఆ బహుమతి పోయినట్టే.

ఆ పెట్టెలో ఉండేది ఇత్తడి, రాగి ముక్కలు కాదు. ఎవరో శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చేసిన కష్టం, మళ్లీ దొరకని కొలతలు అందులో ఉంటాయి. వెనెరా-13కు దొరికింది 127 నిమిషాలే. బెలూన్‌కు దొరికేది కొన్ని గంటలే. ఆ కొద్ది సమయంలో కొలిచిన లెక్క కంది చేను గట్టు మీద పోకూడదు.